బాలి యోగా రిట్రీట్‌కి ఒక్కదాన్నే వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మల్కాజిగిరిలో ఉంటాం. బ్యాంకు ఉద్యోగం. మూడేళ్లుగా వారానికి నాలుగు రోజులు కాలనీలో యోగా క్లాసుకి వెళ్తున్నాను. జూన్‌లో ఇండోనేసియా దీవి బాలిలోని ఉబుద్‌లో ఎనిమిది రోజుల యోగా, అడ్వెంచర్ రిట్రీట్ (శిబిరం) ఉంటే ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి వెళ్దామని 30 శాతం అడ్వాన్సు కట్టాను. వాళ్లిద్దరూ మానుకున్నారు. షెడ్యూలు ఇది: రోజూ రెండు పూటలా యోగా, మూడో రోజు రాఫ్టింగ్, ఐదో రోజు నుసా పెనిడా దీవి దగ్గర స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి పైన తేలడం), స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగుకి దిగడం), ఆరో రోజు తెల్లవారుజామున బాతుర్ అగ్నిపర్వతం ట్రెక్, ఎనిమిదో రోజు తిరుగు ప్రయాణం. నాకు ఈత రాదు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు లాగుతుంది. థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. గుడ్డు కూడా తినను. మావారు వెళ్లిరమ్మంటున్నారు. అమ్మ మాత్రం "దేశం కాని దేశం, తోడు లేకుండా ఎలా పోతావే" అని రోజూ ఫోన్ చేస్తోంది. సింగపూర్ మీదుగా రెండు వేర్వేరు టికెట్లు తీసుకుంటే చవగ్గా వస్తోంది. మిగతా డబ్బు మే మొదటి వారంలో కట్టాలి. వెళ్లనా, మాననా?
– ఎస్., మల్కాజిగిరి

సమాధానం: ఎస్. గారూ, వెళ్లండి. కాకపోతే వాళ్లు పంపిన షెడ్యూలు ఉన్నదున్నట్టుగా ఒప్పుకోకండి. రెండు మార్పులు చేయించుకున్నాకే మిగతా డబ్బు కట్టండి.

ముందు తోడు సంగతి. ఇలాంటి రిట్రీట్లకి ఒక్కరుగా వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పగలంతా కార్యక్రమం, భోజనాలు అందరూ కలిసే. ఒంటరిగా ఉన్నామన్న బెంగ రెండో రోజుకే తగ్గిపోతుంది. మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టేది గుంపు. పన్నెండు మంది లైఫ్ జాకెట్లు వేసుకుని పడవ అంచున కూర్చున్నప్పుడు "నేను దిగను" అనడం కష్టం. మనల్ని ఎరిగిన మనిషి ఒక్కరు పక్కన ఉంటే ఆ మాట తేలిగ్గా వస్తుంది. లేకపోతే గొంతులోనే ఆగిపోతుంది. ఇలాంటి చోట్ల అలా మొహమాటానికి ఒప్పుకున్న పనుల్లో దెబ్బలు తగలొచ్చు. అందుకని ఏమేం చేయరో ఇక్కడే, ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. దాన్ని నిర్వాహకులకి ముందే రాసి పంపండి. అక్కడికి వెళ్లాక ఇక ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ఇప్పుడు షెడ్యూలు. అసలు ప్రమాదం ఐదో రోజుకీ ఆరో రోజుకీ మధ్య ఉంది. స్కూబాలో నీటి ఒత్తిడి కింద గాలి పీలుస్తున్నప్పుడు నైట్రోజన్ మామూలు కన్నా ఎక్కువగా రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది నెమ్మదిగా ఊపిరితిత్తుల గుండా బయటికి పోవాలి. పోకముందే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే ఎత్తుకి వెళ్తే ఒంట్లో బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులతో, తిమ్మిర్లతో మొదలై, ముదిరితే కాళ్లూ చేతులూ పడిపోయేదాకా వెళ్లే డికంప్రెషన్ సిక్‌నెస్ అదే. అందుకే డైవర్ల భద్రత మీద పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఒక నియమం చెబుతుంది: ఒక్కసారే మునిగితే విమానం ఎక్కేముందు కనీసం 12 గంటలు, ఒకటి కన్నా ఎక్కువసార్లు మునిగితే కనీసం 18 గంటలు ఆగాలి. దీన్ని విమానానికి మాత్రమే వర్తించే నియమం అనుకునేవాళ్లు చాలామంది. కొండ ఎక్కినా ఒంటికి జరిగేది అదే. బాతుర్ శిఖరం 1,717 మీటర్లు. సూర్యోదయం చూపించాలని ఉబుద్ నుంచి రాత్రి రెండు, రెండున్నరకే బయలుదేరదీస్తారు. మధ్యాహ్నం రెండింటికి రెండో డైవ్ ముగిసిందనుకోండి, అప్పటికి గడిచింది 12 గంటలే. పైగా డైవ్ తర్వాత ఒళ్లు బాగా అలిసే పని పెట్టుకోకూడదు. మీకేమో నిద్ర కూడా ఉండదు.

కాబట్టి మొదటి మార్పు ఇది: బాతుర్ నాలుగో రోజుకి జరపాలి, సముద్రం ఆరో రోజుకి. అప్పుడు ఎనిమిదో రోజు విమానానికి కూడా కావలసినంత వ్యవధి ఉంటుంది. అందరికీ మార్చడం కుదరదంటే, మీరొక్కరే స్కూబా మానేయండి. స్నార్కెలింగ్ నీటి పైనే కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు.

రెండో మార్పు: నిజానికి ఈత రాదు కాబట్టి, షెడ్యూలు మారినా స్కూబా ఈసారికి వదిలేయమనే మా సలహా. మొదటిసారి వచ్చినవాళ్లని కూడా ఇన్‌స్ట్రక్టర్ తోడుగా 12 మీటర్ల దాకా తీసుకెళ్తారు. నీళ్లంటే భయమున్న మనిషికి అంత లోతులో మాస్కులోకి రెండు చుక్కలు చేరినా గాభరా పుడుతుంది. ఊపిరి బిగబట్టి ఒక్కసారిగా పైకి ఎగబాకుతారు. ఆ ఊపిరి బిగబట్టడంతోనే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

స్నార్కెలింగ్‌కి కూడా తయారీ కావాలి. నుసా పెనిడా చుట్టూ ప్రవాహాలు బలంగా ఉంటాయి. మాంటా రే అనే పెద్ద చేపల కోసం అందరూ వెళ్లే మాంటా పాయింట్ మహాసముద్రానికి ఎదురుగా ఉంటుంది, అలల ఊపు ఎక్కువ. అక్కడ మీరు పడవలోనే ఉండిపోతే నష్టమేమీ లేదు. అలలు తక్కువగా ఉన్న మరో చోట లైఫ్ జాకెట్‌తో, గైడ్ లాగే రబ్బరు రింగు పట్టుకుని దిగండి. ఈలోగా ఇక్కడ వేసవి శిక్షణ ఇచ్చే మున్సిపల్ ఈత కొలనులో చేరండి. రెండు నెలల్లో గజ ఈతగాళ్లు కానక్కర్లేదు. వెల్లకిలా పది నిమిషాలు తేలడం, కాళ్లు అందని చోట రెండు నిమిషాలు నిలదొక్కుకోవడం, మొహం నీళ్లలో పెట్టి స్నార్కెల్ గొట్టంతో ఊపిరి తీసుకుని గొట్టంలోకి వచ్చిన నీళ్లు గట్టిగా ఊది బయటికి కొట్టడం వస్తే చాలు. మూడోది చాలామంది నేర్చుకోరు. గాభరా మొదలయ్యేది అక్కడే.

రాఫ్టింగ్ మీకు ఫర్వాలేదు, నది ఏదో కనుక్కోండి. ఉబుద్ దగ్గరి అయుంగ్ నది ఉరవడి కొలతలో రెండు, మూడు తరగతులది (ఆరో తరగతి అన్నిటికన్నా కష్టం), ఈత రానివాళ్లు కూడా చేస్తారు. తెలగా వాజా అనే నది అంతకన్నా ఉరకలేస్తుంది, అది వద్దు. పడవలోంచి పడితే వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం వెళ్లే దిక్కుకి చాచి ఉంచండి. లేచి నిలబడబోతే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుని నీళ్లు మనిషిని ముందుకి తోసేస్తాయి. అయుంగ్‌లో మీకు నీళ్ల కన్నా మెట్లు ముఖ్యం. నది లోయలో ఉంటుంది కాబట్టి దిగడానికీ, చివర ఎక్కడానికీ వందల మెట్లు ఉంటాయి.

అంటే మోకాలికి పరీక్ష మూడో రోజే మొదలవుతుంది. బాతుర్ ఎక్కడం దాదాపు రెండు గంటలు, ఊపిరి ఆడితే చాలు, ఎక్కేస్తారు. మోకాలిని పట్టేది దిగడమే. పై భాగంలో దారంతా వదులు లావా గులక, ఎండు జొన్నల మీద కాలు వేసినట్టు జారుతుంది. జారకుండా ఆపుకోవడానికి తొడ ముందు కండరం ప్రతి అడుగుకీ సాగుతూనే బిగుసుకోవాలి. ఆ కండరానికి బలం చాలకపోతే భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. మీకు మెట్లు దిగేటప్పుడే లాగుతోందంటే ముందు ఫిజియోథెరపిస్టుకి చూపించండి. వాపు గానీ, మోకాలు పట్టేసినట్టు ఆగిపోవడం గానీ ఉంటే ట్రెక్ మాటే ఎత్తకండి. అవేవీ లేవంటే ఇంట్లో ఒక మెట్టు మీద నిలబడి, ఒక కాలిమీదే బరువుంచి, రెండో కాలిని మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందికి దించండి. కాలికి పదిసార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. మోకాలు లోపలికి వాలకుండా రెండో కాలివేలి మీదుగా ఉండాలి.

మూడు వారాలయ్యాక మీకు దగ్గర్లోని మౌలాలి గుట్ట మెట్లు మొదలుపెట్టండి. ఎక్కేటప్పుడు వేగం గురించి ఆలోచించొద్దు, దిగేటప్పుడు నెమ్మది ముఖ్యం. మే నెలలో రెండు ఆదివారాలు భువనగిరి కోట చూసుకోండి. అక్కడి నున్నటి రాతి వాలు మీద దిగుతుంటే బాతుర్‌కి కావలసిన అడుగు అలవాటవుతుంది. ఎండల్లో కాబట్టి ఉదయం వీలైనంత పెందలాడే మొదలుపెట్టి ఎండ ముదరకముందే కిందికి వచ్చేయండి. ఈ నడకలన్నీ అక్కడికి తీసుకెళ్లే బూట్లతోనే చేయాలి. బొటనవేలి ముందు వేలెడంత ఖాళీ లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. చేతికర్రలు రెండు తీసుకెళ్లండి, దిగేటప్పుడు వాటిని ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడుగు చేసుకోవాలి. అవి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. పైన తెల్లవారుజామున చలేస్తుంది, ఒక జాకెట్, తలకి కట్టుకునే లైటు ఉండాలి. స్థానిక గైడ్ లేకుండా బాతుర్ ఎక్కనివ్వరు. నలుగురైదుగురికి ఒక గైడ్ ఉంటారా అని అడగండి. ఉంటే, మీకు మధ్యలో ఆగాలనిపించినా మిగతావాళ్లని ఆపనక్కర్లేదు.

యోగా మీకు తెలిసిందే కదా అని తేలిగ్గా తీసుకోకండి. మీకిప్పుడు వారానికి నాలుగు క్లాసుల అలవాటు. అక్కడ గంటన్నర క్లాసులు రోజుకి రెండు, అంటే రోజుకి మూడు గంటలు. అదీ మన దగ్గరలా ఆసనానికీ ఆసనానికీ మధ్య విశ్రాంతి ఇస్తూ కాదు, ఎక్కువచోట్ల ఆగకుండా సాగే విన్యాస పద్ధతి. ముందుగా పోయేవి మణికట్లు, భుజాలు. చతురంగ దండాసనంలో (అరచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నేలకి సమాంతరంగా నిలిపే ఆసనం) భుజాలు మోచేతుల కన్నా కిందికి దిగకూడదు. పదోసారికి చేతులు అలిసి దిగిపోతాయి. అలిసినప్పుడు మోకాళ్లు కింద ఆనించి చేయండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. తొడ వెనక కండరం కూర్చునే ఎముక దగ్గర లాగితే ముందుకి వంగే ఆసనాల్లో మోకాలు మడిచేయండి. ఆ నొప్పిని సాగదీసి పోగొట్టాలని చూస్తే నెలలు తినేస్తుంది. ట్రెక్ రోజు సాయంత్రం క్లాసు మానేయండి. మే నెలలో మీ క్లాసుని వారానికి ఐదు రోజులు చేసి, అందులో రెండు రోజులు రెండు పూటలా చేసి చూసుకోండి.

గురువు చేత్తో తాకి ఆసనం సరిచేసే పద్ధతి ఉందేమో కూడా ముందే అడగాలి. మంచి చోట్ల మొదటి క్లాసులోనే అడుగుతారు, వద్దనుకున్నవాళ్లు మ్యాట్ మీద చిన్న కార్డు పెట్టుకుంటారు. అడగకపోతే మీరే చెప్పండి. అందరి ముందు మొహమాటమైతే క్లాసు మొదలవకముందే చెప్పొచ్చు. ఒకసారి చెప్పాక కూడా చేతులు వేస్తే లేచి బయటికి వచ్చేయండి.

ఇన్సూరెన్స్ ఇక్కడి నుంచి బయలుదేరకముందే తీసుకోవాలి. ధర చూసి కాదు, మినహాయింపుల పేజీ చదివి తీసుకోండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల్లోనే ఉంటాయి. రాఫ్టింగ్, ట్రెక్, స్నార్కెలింగ్ పేరుపేరునా కవర్ అవుతాయని కంపెనీతో ఈమెయిల్‌లో రాయించుకోండి. థైరాయిడ్ ఉందని దాచకుండా రాయండి. వైద్య ఖర్చులకి లక్ష డాలర్ల కవర్ ఉండాలని మేమంటాం, ఎందుకంటే పెద్ద దెబ్బ తగిలి సింగపూర్ తరలించాల్సి వస్తే ఆ ఖర్చే భయంకరంగా ఉంటుంది. ఖాళీ మధ్యాహ్నం పూట ఎవరో స్కూటీ అద్దెకి తీసుకుందాం రమ్మంటారు. టూవీలర్ లైసెన్సు, ఇంటర్నేషనల్ పర్మిట్ లేకుండా నడిపి పడితే పాలసీ పైసా ఇవ్వదు. వెనక కూర్చోవడం కూడా వద్దు.

ఉబుద్‌లో కోతుల వనానికి అందరూ వెళ్తారు. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. కోతి గానీ కుక్క గానీ కరిచినా, గోటితో చర్మం చీరినా వెంటనే 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేముందే వారం తేడాతో రెండు డోసులు వేయించుకుంటే, కరిచినా తర్వాత రెండు బూస్టర్లతో సరిపోతుంది. దొరకడం కష్టమయ్యే ఇమ్యునోగ్లోబులిన్ అవసరం ఉండదు. మీ డాక్టర్‌తో మాట్లాడి మేలోనే వేయించుకోండి.

టికెట్ల విషయంలో చవకకి ఆశపడకండి. వేర్వేరు టికెట్లయితే సింగపూర్‌లో బ్యాగు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలి. అందుకు ఇమిగ్రేషన్ దాటాలి, భారతీయులకి సింగపూర్ వీసా కావాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్టు పోయినట్టే. శంషాబాద్ నుంచి బాలి రాజధాని డెన్‌పసార్ దాకా ఒకే పీఎన్ఆర్ మీద, సింగపూర్ గానీ కౌలాలంపూర్ గానీ బ్యాంకాక్ గానీ మీదుగా, పగటి పూట దిగేలా తీసుకోండి. విమానాశ్రయం నుంచి ఉబుద్‌కి కారులో గంటన్నర, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. నిర్వాహకులే కారు పంపాలి. డ్రైవర్ పేరు, కారు నంబరు మీకు ముందురోజే రావాలి. కనీసం ఇంతమంది చేరితేనే రిట్రీట్ జరుగుతుందన్న షరతు ఉందేమో చూసుకోండి. ఉంటే, ఖాయంగా జరుగుతుందని రాసిచ్చాకే టికెట్టు కొనండి.

వీసా అక్కడ దిగాక కూడా ఇస్తారు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు. రుసుము 5,00,000 రుపియా, 30 రోజులకి. బాలి ప్రభుత్వానికి కట్టే పర్యాటక రుసుము 1,50,000 రుపియా వేరే. రెండింటికీ ప్రభుత్వ సైట్లే వాడండి, నకిలీవి చాలా ఉన్నాయి. పాస్‌పోర్టు ఆరు నెలలు చెల్లాలి, చిరిగి తడిసి ఉండకూడదు. ఒకవేళ తేదీలు మార్చుకుని వచ్చే ఏడాది వెళ్దామనుకుంటే అక్కడి శక సంవత్సరాది న్యెపిని తప్పించండి. అది కొన్నేళ్లు మన ఉగాదికి దగ్గర్లోనే, కొన్నేళ్లు దాదాపు నెల ముందే వస్తుంది, తేదీ చూసుకోండి. ఆ రోజంతా విమానాశ్రయం మూసేస్తారు, ఎవరూ గది దాటి బయటికి రాకూడదు.

మిగతా డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. మోసం జరిగితే బ్యాంకులో ఫిర్యాదు చేసి వెనక్కి అడిగే దారి ఉంటుందని మీకు మేం చెప్పక్కర్లేదు. రిట్రీట్ పేరు ఒకటి, ఖాతా పేరు ఎవరో వ్యక్తిది అయితే ఆగిపోండి. ఫోన్‌లో రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకోండి. లేకపోతే అక్కడ ఓటీపీలు రావు, కార్డు ఉండీ లేనట్టే.

తిండి దగ్గర 'వెజిటేరియన్' అంటే సరిపోదు. అక్కడి సాంబల్ పచ్చళ్లలో, పల్లీల సాస్‌లో తెరాసి కలుపుతారు, అది రొయ్యల ముద్ద. గాడో-గాడో కూరగాయల పళ్లెమే అయినా ఉడికించిన గుడ్డు, రొయ్యల అప్పడం మీద పెట్టి ఇస్తారు. "తన్‌పా దాగింగ్, తన్‌పా ఇకాన్, తన్‌పా తెలూర్, తన్‌పా తెరాసి" అని చీటీ రాసి చూపించండి: మాంసం, చేప, గుడ్డు, తెరాసి లేకుండా అని. సోయాతో చేసే టెంపే, తాహు (టోఫు) ధైర్యంగా తినొచ్చు. థైరాయిడ్ మాత్ర లేవగానే మంచినీళ్లతో వేసుకుని, వాళ్లిచ్చే కాఫీకి అరగంట నుంచి గంట ఆగండి. మాత్రలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో పాటు తీసుకెళ్లండి. కొడీన్ ఉన్న దగ్గు మందు ఇంట్లోనే వదిలేయండి, ఇండోనేసియాలో మత్తుమందుల చట్టాలు చాలా కఠినం. ఎవరి పొట్లాలూ మీ బ్యాగులో పెట్టుకోకండి.

గది ఇద్దరికి కలిపి ఇస్తారు, ఒంటరి గదికి అదనంగా తీసుకుంటారు. వీలైతే ఆ డబ్బు పెట్టండి. పగలంతా మనుషుల మధ్యే గడిపేవాళ్లకి రాత్రి తలుపు వేసుకునే చోటు అవసరం. గుడులకి నడుముకి చుట్టుకునే సారోంగ్ వస్త్రం కట్టుకోవాలి. నెలసరి రోజుల్లో లోపలికి రానివ్వరు, బోర్డులు కూడా ఉంటాయి. షెడ్యూల్లో తీర్థ ఎంపుల్ గుడి కోనేటి స్నానం ఉంటే ఆ రోజు మార్చే వీలుందేమో అడగండి.

ఇక మీ అమ్మగారు. జాగ్రత్తగా ఉంటానని వందసార్లు చెప్పేకన్నా చేతికి ఒక కాగితం ఇవ్వండి. అందులో రిట్రీట్ చిరునామా, ఫోను, విమానాల నంబర్లు, పాలసీ నంబరు, డెన్‌పసార్‌లో మన కాన్సులేట్ ఉందన్న మాట రాసి పెట్టండి. బాలి మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి తొమ్మిదింటికి, అంటే ఇక్కడ ఆరున్నరకి, రోజూ ఫోన్ చేస్తానని చెప్పండి. ట్రెక్ రోజు పొద్దున సిగ్నల్ దొరక్కపోవచ్చని కూడా ముందే చెప్పి ఉంచండి, ఆవిడ గాభరా పడకుండా.

ఈ వారంలోనే నిర్వాహకులకి మెయిల్ రాయండి. బాతుర్, సముద్రం రోజులు మార్చగలరా? స్కూబా చేయనందుకు ఎంత తగ్గిస్తారు? రాఫ్టింగ్ ఏ నది మీద, నడిపే సంస్థ ఏది? దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వస్తారు? సంతకం పెట్టమనే హామీపత్రం ముందే పంపగలరా? వాళ్ల నిర్లక్ష్యానికి కూడా బాధ్యత లేదని అందులో రాసుంటే ఆ వాక్యం తీసేయమనండి. రోజూ డైవింగ్, ట్రెక్ నడిపేవాళ్లకి ఇవి తడుముకునే ప్రశ్నలు కావు, రెండు మూడు రోజుల్లో ఒక్కొక్కదానికీ విడిగా జవాబు వస్తుంది. "అంతా మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా రండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అడ్వాన్సు వెనక్కి అడగండి. ఇవ్వకపోయినా సరే, పోయిన 30 శాతం కోసం మిగతా 70 కట్టకండి.